పొద్దున్నే గ్రైండర్‌లా అరుస్తున్న ఎస్‌ఎంపీఎస్: మార్చాలా, ఆగాలా?

గోదారిగట్టు | నవంబర్ 23, రాత్రి 9:48

నమస్తే అండి. మాది కొవ్వూరు. ఇంట్లోనే పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. కంప్యూటర్ 2019 చివర్లో అసెంబుల్ చేయించింది. రైజెన్ 5 3600, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక పాత 2 టీబీ హార్డ్ డిస్కు, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (అదే, లోపలి భాగాలకి కరెంటు సర్దే డబ్బా; బ్రాంజ్, గోల్డ్ అనేవి అది కరెంటుని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే గ్రేడులు). బయట 600 వీఏ యూపీఎస్ ఉంది.

వారం పది రోజుల నుంచి పొద్దున్నే ఆన్ చేస్తే చాలు, వెనకనుంచి గర్‌ర్‌ర్‌మని ఒకటే గోల. పావుగంట, ఇరవై నిమిషాలు అరిచి దానంతటదే సర్దుకుంటుంది. మా అమ్మయితే "పక్కింటివాళ్లు మనం కొత్త గ్రైండర్ కొన్నామనుకుంటున్నారు" అంటోంది. ఇది కాక అప్పుడప్పుడూ రాత్రిపూట సన్నగా కీచుమని ఇంకో శబ్దం. అది అమ్మకి వినపడదు. నాకూ మా మేనల్లుడికీ వినపడుతుంది.

ఇక్కడ షాపతను ఫోన్లోనే విని "ఎస్‌ఎంపీఎస్ పోయింది, కొత్తది 4,500 అవుతుంది, రేపు తెచ్చెయ్" అన్నాడు. పెళ్లిళ్ల సీజను, చేతిలో పదకొండు కార్డుల పని ఉంది. ఇప్పుడు మెషీన్ ఇచ్చేస్తే నా పని గోవిందా. నిజంగా మార్చాల్సిందేనా? ఉన్నట్టుండి పేలుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఎర్రబస్సు | నవంబర్ 23, రాత్రి 9:55

4,500కి ఇంత పెద్ద పోస్టెందుకు బ్రో. మార్చెయ్. పదకొండు కార్డుల్లో ఒక్క కార్డు డబ్బులు.

గోదారిగట్టు | నవంబర్ 23, రాత్రి 9:58

కార్డు డిజైన్‌కి ఎంతిస్తారనుకుంటున్నావ్ బ్రో? మూడొందలు. అది కూడా పెళ్లయ్యాక.

పాతరేడియో | నవంబర్ 23, రాత్రి 10:31

ఫోన్లో చప్పుడు విని ఎస్‌ఎంపీఎస్ పోయిందని చెప్పగలిగినాయన్ని నాకూ ఒకసారి చూడాలనుంది. నలభై ఏళ్లు రేడియోలు, టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు విప్పాను. నాకైతే చేతకాదు.

ముందు ఆ చప్పుడు ఎవరిదో తేల్చండి. ఆ డబ్బాలో తిరిగేవి తక్కువలో తక్కువ ఐదున్నాయి: ప్రాసెసర్ మీది ఫ్యాను, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను, క్యాబినెట్ వెనక ఫ్యాను, హార్డ్ డిస్కు, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను. రేకు డబ్బా కాబట్టి మోత ఒకచోట పుట్టి ఇంకోచోట వినపడుతుంది. ఉత్త చెవిని నమ్మకండి. ఒక న్యూస్‌పేపరుని గొట్టంలా గట్టిగా చుట్టండి. ఒక కొస చెవికి ఆనించి, రెండో కొసని ఒక్కో ఫ్యాను దగ్గరికి నాలుగు వేళ్ల దూరం వరకూ తీసుకెళ్లండి. ఎక్కడ చెవి అదిరిందో అదే దొంగ. కాగితమే వాడండి. ఇనప ఊచలూ, స్క్రూడ్రైవర్లూ లోపల దూర్చకండి.

చప్పుడు తీరుని బట్టి కూడా కొంత చెప్పచ్చు. గరగరమంటూ చలికి ఎక్కువై, వేడెక్కాక తగ్గేది చాలాసార్లు బేరింగు. టకటకా సైకిల్ చక్రానికి అట్టముక్క పెట్టినట్టు కొట్టుకుంటుంటే ఏదో వైరు రెక్కలకి తగులుతోంది. మ్‌మ్‌మ్‌మని ఒకే స్థాయిలో మూలిగితే హార్డ్ డిస్కో, వదులైన స్క్రూనో. 7200 ఆర్‌పీఎం డిస్కు, అంటే నిమిషానికి 7200 చుట్లు తిరిగేది, సెకనుకి 120 సార్లు తిరుగుతుంది కాబట్టి దాని మూలుగు బొంగురుగా ఉంటుంది. కీచుమని సన్నగా వచ్చేది కాయిల్, అంటే సర్క్యూట్‌లో ఉండే తీగచుట్ట. వీటిలో ఏదీ పేలేది కాదు. కానీ టిక్... టిక్... అని ఆగి ఆగి కొట్టుకోవడం, చిటపటలు, కాలిన వాసన, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే గోడ దగ్గర స్విచ్ కట్టేసి ప్లగ్గు పీకేయండి.

నాలుగు ప్రశ్నలు. ఎండెక్కాక ఆన్ చేసినా అరుస్తోందా? కీచు ఏ పని చేస్తున్నప్పుడు వస్తోంది? కరెంటు పోయి యూపీఎస్ మీదికి వెళ్లినప్పుడు శబ్దం మారుతోందా? ఇదివరకు ఎవరైనా ఎస్‌ఎంపీఎస్ విప్పారా?

మరో మాట. క్యాబినెట్ తలుపు తీయడం వేరు, ఎస్‌ఎంపీఎస్ మూత తీయడం వేరు. మొదటిది చేయండి. రెండోది వద్దు.

ఫ్రేమ్‌రేట్_రాజా | నవంబర్ 23, రాత్రి 11:14

రాత్రిపూట కీచు, మేనల్లుడికి వినపడుతుంది అన్నావు కదా. మేనల్లుడు రాత్రిపూట గేమ్స్ ఆడతాడా? ఆడితే అది కాయిల్ వైనే, అంటే కాయిల్ కూత. తాగే వైన్ కాదు. గ్రాఫిక్స్ కార్డులోనో, ఎస్‌ఎంపీఎస్‌లోనో ఉండే కాయిళ్లలో కరెంటు చకచకా మారుతుంటే ఆ చుట్లు, లోపలి కోరు కలిసి సన్నగా వణుకుతాయి.

టెస్టు సింపుల్. గేమ్ మెనూలో ఊరికే కూర్చోమను. మెనూలో బొమ్మ తక్కువ కాబట్టి కార్డు సెకనుకి వందల ఫ్రేములు తోస్తుంది. అక్కడ కీచు పెరుగుతుంది. ఇప్పుడు వీ-సింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ఆన్ చేసి 60 దగ్గర కట్టెయ్. ఆగిందా, అయితే కార్డుదే పాపం. ఎస్‌ఎంపీఎస్ మీద నింద పడిందంతే.

సీటీసీ_సీను | నవంబర్ 24, పొద్దున 7:20

నేను సికింద్రాబాద్ సీటీసీల (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) ఒక కౌంటర్ల పన్జేస్త. ఎస్‌ఎంపీఎస్ సౌండ్ వస్తుందని తెచ్చేటోళ్లల్ల సగం మందికి అది ఎస్‌ఎంపీఎస్ కాదన్నా. క్యాబినెట్ వెనక రెండొందల రూపాయల ఫ్యాను ఉంటది చూడు, ఎక్కువసార్లు అదే. ఇంకోటి, ప్రాసెసర్ ఫ్యాను మీదికి వేలాడే కేబుల్. ఒక్క జిప్ టై వేస్తే ఖతం.

మొన్న ఒకాయన "లోపల ఏదో గీరుతుంది" అని తెచ్చిండు. వెనక జాలీల నుంచి లైటు కొట్టి చూస్తే బల్లి తోక. మిగతా బల్లి ఫ్యాను అవుతల ఉంది. దాని గురించి ఎక్కువ చెప్ప, టిఫిన్ టైమ్.

గోదారిగట్టు | నవంబర్ 24, పొద్దున 8:05

పాతరేడియో గారూ, ఇవాళ పొద్దున ఆరున్నరకి పేపరు గొట్టంతో కూర్చున్నాను. అమ్మ వచ్చి "కంప్యూటర్‌కి గుండె చూస్తున్నావా" అంది.

క్యాబినెట్ వెనక ఫ్యాను దగ్గర ఉత్త గాలి శబ్దం. ప్రాసెసర్ దగ్గరా అంతే. కింద ఎస్‌ఎంపీఎస్ జాలీ దగ్గర పెట్టగానే చెవి అదిరిపోయింది. అనుమానం తీరక క్యాబినెట్ ఫ్యాను పిన్ను పీకి కూడా చూశాను. గర్‌ర్ అలాగే ఉంది. సరిగ్గా 6:52కి ఆగింది, అంటే ఇరవై రెండు నిమిషాలు. నిన్న మధ్యాహ్నం రెండింటికి ఆన్ చేసినప్పుడు అసలు రాలేదు. ఈ సంగతి మీరు అడిగాకే తట్టింది.

కీచు సంగతి రాత్రి మేనల్లుడితో చూస్తాను.

నిశ్శబ్దరాగం | నవంబర్ 24, పొద్దున 9:40

చప్పుడు లేని కంప్యూటర్ కోసం నాలుగేళ్లుగా డబ్బు తగలేస్తున్నవాణ్ణి కాబట్టి రెండు మాటలు.

ఆ ధర ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావరకు స్లీవ్ బేరింగు ఫ్యాన్లే ఉంటాయి. ఒక లోహపు గొట్టం, అందులో ఇరుసు, మధ్యలో పల్చటి నూనె పొర. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి ఆ నూనె ఆరిపోతుంది, ఇరుసు అరిగి గొట్టంలో అల్లాడుతుంది. కింద బిగించే ఎస్‌ఎంపీఎస్‌లో ఫ్యాను నేలవైపు చూస్తూ పడుకుని ఉంటుంది, ఈ రకం బేరింగులకి ఆ భంగిమ అంత పడదు.

దీనికో టెస్టు ఉంది. కంప్యూటర్ పూర్తిగా ఆపి, క్యాబినెట్‌ని ఒక పక్కకి పడుకోబెట్టి, అప్పుడు ఆన్ చేయండి. గరగర మారినా, మాయమైనా బేరింగు అని దాదాపు ఖాయం. నడుస్తుండగా మాత్రం వంచొద్దు, హార్డ్ డిస్కు ఉందన్నారు.

మీ ప్రాసెసర్ 65 వాట్లది. కార్డుతో కలిపినా 550కి చాలా దూరంలోనే ఉంటారు. కాబట్టి లోడు ఎక్కువై ఫ్యాను అరుస్తోందన్న మాట కొట్టేయచ్చు. ఆన్ చేసిన మొదటి నిమిషంలో అసలే ఉండదు.

మిర్చియార్డు | నవంబర్ 24, మధ్యాహ్నం 1:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు కరెంటు ఉన్నంతసేపు ఏ శబ్దమూ లేదు. కరెంటు పోయి యూపీఎస్ మీదికి వెళ్లగానే ఎస్‌ఎంపీఎస్ కందిరీగలా జుయ్‌య్‌మంటుంది. కరెంటు రాగానే ఆగిపోతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్, గోల్డ్. వెనక్కి ఇచ్చేయమంటారా?

పాతరేడియో | నవంబర్ 24, మధ్యాహ్నం 2:02

మిర్చియార్డు గారూ, ఇవ్వకండి. దాని తప్పేమీ లేదు.

గోడలోంచి వచ్చే 230 వోల్టులు నున్నగా, అలలాగా వస్తాయి. సెకనుకి 50 అలలు. ఇళ్లలో వాడే మామూలు యూపీఎస్‌లు బ్యాటరీ మీదికి వెళ్లాక ఆ అలని గీయలేవు, మెట్లు మెట్లుగా కట్టి ఇస్తాయి. మీ ఎస్‌ఎంపీఎస్ గోల్డ్ అంటే అందులో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటుంది. వచ్చే వోల్టేజీ ఆకారాన్ని చూస్తూ, దానికి తగ్గట్టే కరెంటు లాగడం ఆ సర్క్యూట్ పని. నున్నటి దారి మీద నడిచేవాడికి మెట్లు తగిలినట్టన్నమాట. ప్రతి మెట్టు దగ్గరా కరెంటు ఎగిరి పడుతుంది, కాయిళ్లు మోగుతాయి. ఐదు నిమిషాల్లో ఫైళ్లు సేవ్ చేసుకుని ఆపేసేవాళ్లయితే ఆ గోలతో భయం లేదు. యూపీఎస్ మీదికి వెళ్లగానే కంప్యూటర్ ఆగిపోతుంటే మాత్రం ఆలోచించాలి.

పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరుకి కలిపితే ఇదే గోల ఇంకా ఎక్కువగా వస్తుంది. సీలింగ్ ఫ్యాను కూడా మూలుగుతుంది చూడండి, అదే కారణం. అలాంటి దాని మీద కంప్యూటర్ గంటల తరబడి నడపద్దు. కొనేటప్పుడు సైన్‌వేవ్ అని రాసి ఉందో లేదో చూసుకోండి.

ఎర్రబస్సు | నవంబర్ 24, మధ్యాహ్నం 2:10

నాకైతే క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతుంది కూడా. స్పీకర్లలో హమ్మింగు. ఎస్‌ఎంపీఎస్ లీకేజీ కదా? ఇదీ మార్చేదేనా?

పాతరేడియో | నవంబర్ 24, మధ్యాహ్నం 2:48

మీకు మార్చడం మీద ఎంత ప్రేమండీ.

చాలావరకు అది ఎర్తింగు లేకపోవడం. ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు దగ్గర రెండు చిన్న నీలం బిళ్ల కెపాసిటర్లు ఉంటాయి, ఒకటి లైను నుంచి డబ్బా రేకుకి, ఒకటి న్యూట్రల్ నుంచి డబ్బా రేకుకి. లోపల పుట్టే ఎలక్ట్రికల్ గోలని ఎర్త్‌లోకి పంపడానికి పెట్టారు వాటిని. ఎర్త్ తీగ లేకపోతే ఆ రేకు ఎటూ కాకుండా 230లో సగం, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. ఆ దారిలో వచ్చే కరెంటు చాలా తక్కువ కాబట్టి చురుక్కుమంటుంది. స్పీకర్ల హమ్మింగూ చాలాసార్లు దీని చలవే. అలాగని అది మామూలే అని వదిలేయకూడదు. లోపల నిజంగానే లైను రేకుకి తగిలిన రోజున మిమ్మల్ని కాపాడేది ఆ ఎర్త్ తీగే.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గొయ్యి, ఎర్త్ తీగ చూపించండి. ఆయన సాకెట్ విప్పి న్యూట్రల్‌నీ ఎర్త్ పిన్నునీ చిన్న వైరుముక్కతో కలిపేసి "అయిపోయింది సార్, చురుకు పోయింది" అంటే మాత్రం ఆ ముక్క పీకించేయండి. చురుకు పోయేది నిజమే. కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున మీ క్యాబినెట్ రేకు మీద పూర్తి 230 నిలబడుతుంది. నేనిది మా వీధిలోనే రెండిళ్లలో పీకించాను.

ఎర్రబస్సు | నవంబర్ 24, మధ్యాహ్నం 3:05

ఆ వైరుముక్క మా ఇంట్లో ఫ్రిజ్ సాకెట్‌లో ఉంది మాస్టారూ. ఇప్పుడే చూశాను. రేపు పిలుస్తాను.

గోదారిగట్టు | నవంబర్ 24, రాత్రి 10:40

రాజా అన్నా, నీ నోట్లో చక్కెర పొయ్యాలి. మేనల్లుడు మెనూలో ఆపగానే కీచు. ఫ్రేములు చూస్తే నాలుగొందల పైన. 60కి కట్టేశాం, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. పేపరు గొట్టం పెట్టి చూస్తే కార్డు దగ్గరే. నేను డిజైన్‌లో పెద్ద ఫైలు గబగబా స్క్రోల్ చేసినా అదే కార్డు సన్నగా కూస్తోంది. నెలల తరబడి ఎస్‌ఎంపీఎస్‌ని తిట్టాను పాపం.

మరి పొద్దుటి గర్‌ర్ ఒక్కటే మిగిలింది. నిశ్శబ్దరాగం గారూ, రేపు పొద్దున పక్కకి పడుకోబెట్టి చూస్తాను.

పాతరేడియో | నవంబర్ 24, రాత్రి 11:02

మీ అమ్మగారికి కీచు వినపడకపోవడంలో వింతేమీ లేదు. వయసుతో ముందు పోయేది ఆ సన్నటి శబ్దాలే. నాకు 66. కాయిల్ కూస్తోందో లేదో మా మనవరాల్ని అడుగుతాను. "తాతా కూస్తోంది" అంటే నమ్మేస్తాను.

చిట్టిఐసీ | నవంబర్ 25, పొద్దున 6:58

ఇంత చర్చ అక్కర్లేదు. ఎస్‌ఎంపీఎస్ బయటికి తీసి, పేపర్‌క్లిప్‌తో పచ్చ వైరు, నల్ల వైరు కలిపితే ఫ్యాను తిరుగుతుంది. తిరిగితే మంచిది, లేకపోతే చెడ్డది. మూత విప్పి, ఫ్యాను మీద స్టిక్కర్ లేపి, రెండు చుక్కల నూనె వేస్తే పని పూర్తి. యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి.

పాతరేడియో | నవంబర్ 25, పొద్దున 7:45

చిట్టిఐసీ, మీతో గొడవకి కాదు గానీ, పేపర్‌క్లిప్ టెస్టుతో తెలిసేది ఒక్కటే: ఎస్‌ఎంపీఎస్ మేలుకుంటోందా లేదా అని. లోడు పడ్డాక 12 వోల్టులు నిలబడుతున్నాయా, 11.4 కిందికి జారుతున్నాయా అన్నది క్లిప్ చెప్పదు. తక్కువ లోడులో ఫ్యాను ఆపేసుకునే మోడల్స్ ఉన్నాయి, వాటిలో ఎస్‌ఎంపీఎస్ బంగారంలా ఉన్నా ఫ్యాను తిరగదు. పైగా ఇప్పుడు చాలా వాటికి వైర్లన్నీ నలుపే. పచ్చదేదో ఊహించి క్లిప్ పెట్టడం మంచి ఆట కాదు. వోల్టేజీ చూడాలనుకునేవాళ్లు కంప్యూటర్ నడుస్తుండగా ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో మల్టీమీటరు పెట్టండి. పసుపు 12, ఎరుపు 5. పసుపు మీద 11.4 నుంచి 12.6 దాకా ఉండచ్చు, ఎరుపు మీద 4.75 నుంచి 5.25.

ఇక మూత సంగతి. లోపల లావుపాటి కెపాసిటరు ఒకటి ఉంటుంది, ఒంటిమీద 400 వోల్టులో 420 వోల్టులో రాసి ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లో అది 380 వోల్టుల పైచిలుకు డీసీ నింపుకుని కూర్చుంటుంది. ప్లగ్గు పీకినా వెంటనే పోదు. దాన్ని ఖాళీ చేయాల్సిన రెసిస్టరు పాడైతే ఎంతసేపు ఉంటుందో చెప్పలేం. నా కొత్తల్లో ఒక టీవీ పవర్ సప్లైలో ఇలాంటి దాన్నే స్క్రూడ్రైవరుతో షార్ట్ చేశాను. టపాకాయ పేలినంత చప్పుడొచ్చింది. స్క్రూడ్రైవరు మొనలో శనగబద్దంత ముక్క లేదు. ఆ స్క్రూడ్రైవరు ఇంకా నా బల్ల మీదే ఉంది, పని నేర్చుకోడానికి వచ్చిన కుర్రాళ్లకి ముందు దాన్నే చూపిస్తాను.

గోదారిగట్టు గారు చదువుతుంటే: విప్పకండి.

నిర్వాహకుడు | నవంబర్ 25, పొద్దున 8:10

పై మాటే నాదీ. ఎస్‌ఎంపీఎస్ మూత విప్పే పద్ధతి ఈ చర్చలో ఎవరూ రాయొద్దు. రాస్తే తీసేస్తాను.

గోదారిగట్టు | నవంబర్ 25, పొద్దున 8:30

పక్కకి పడుకోబెట్టి ఆన్ చేశాను. గర్‌ర్ బదులు ఒక రెండు నిమిషాలు టుర్‌ర్‌మని ఆగిపోయింది. అంటే బేరింగే కదా.

పాతరేడియో గారూ, మీరు అడిగిన నాలుగో ప్రశ్నకి నిన్న జవాబివ్వడం మర్చిపోయాను. విప్పారండీ. రెండేళ్ల కిందట సర్వీసింగుకి ఇంటికొచ్చినతను బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, ఎస్‌ఎంపీఎస్ కూడా విప్పి "ఫ్యాను పొడిబారింది" అని నూనె వేశాడు. అప్పటినుంచి బాగానే ఉంది, కిందటేడు చలికాలంలో నాలుగు రోజులు కొంచెం మూలిగినట్టు గుర్తు.

సీటీసీ_సీను | నవంబర్ 25, పొద్దున 9:02

ఏం నూనె?

గోదారిగట్టు | నవంబర్ 25, పొద్దున 9:20

అమ్మని అడిగాను. ఆవిడకి బ్రహ్మాండంగా గుర్తుంది. "మిషన్ నూనె అయిపోయిందమ్మా, ఏదైనా నూనె ఉందా అన్నాడు, కొబ్బరినూనె సీసా ఇచ్చాను" అంది.

సీటీసీ_సీను | నవంబర్ 25, పొద్దున 9:21

అయ్యో రామా.

ఫ్రేమ్‌రేట్_రాజా | నవంబర్ 25, పొద్దున 9:24

ఆఫీసులో గట్టిగా నవ్వేశాను. మేనేజర్ చూస్తున్నాడు.

పాతరేడియో | నవంబర్ 25, పొద్దున 9:50

అమ్మగారూ, మీ తప్పేం లేదు.

గోదారిగట్టు గారూ, ఒకసారి బాత్రూమ్ అరలో ఉన్న ఆ సీసా తీసి వంచి చూడండి. 24 డిగ్రీల కిందికి దిగితే కొబ్బరినూనె పేరుకోవడం మొదలుపెడుతుంది. ఈ రోజుల్లో తెల్లవారుజామున మీ గదిలో అంతకంటే తక్కువే ఉంటుంది. సీసాలో ఎలా ఉందో బేరింగులోనూ అలాగే, మైనంలా. ఇరుసు ఆ మైనంలో ఈదుకుంటూ తిరుగుతుంది. లోపల వేడి పుట్టి అది కరిగేదాకా గర్‌ర్. మధ్యాహ్నం నూనె నూనెగానే ఉంటుంది, కాబట్టి చప్పుడు లేదు.

నిశ్శబ్దరాగం | నవంబర్ 25, పొద్దున 10:15

కథ ముచ్చటగా ఉంది గానీ, ఒక్క దాని మీదే కేసు కట్టేయలేం. అరిగిన స్లీవ్ బేరింగు మంచి నూనె ఉన్నా చలికి ఇలాగే అరుస్తుంది. అసలు అది ఆరిపోయింది కాబట్టే కదా అతను నూనె వేసింది. కొబ్బరినూనె నెమ్మదిగా చిక్కబడి జిగురుగా మారుతుంది కూడా. రెండూ కలిసి ఉంటాయి. ఏ రకంగా చూసినా ఆ ఫ్యాను ఆయుష్షు అయిపోవచ్చింది.

పాతరేడియో | నవంబర్ 25, పొద్దున 10:40

ఒప్పుకుంటాను. సీసా కథలో పడి అది వదిలేశాను.

గోదారిగట్టు | నవంబర్ 25, పొద్దున 10:55

సీసా చూశాను. గడ్డకట్టింది. స్పూనుతో తీయాలి.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? డిసెంబరు 16న ధనుర్మాసం మొదలైతే ముహూర్తాలుండవు, నాకు ఖాళీ. అప్పటిదాకా మూడు వారాలు దీన్ని నడపచ్చా?

పాతరేడియో | నవంబర్ 25, పొద్దున 11:30

ఫ్యాను అరిచినంతకాలం నడపచ్చు. అరవడం మానేసి ఆగిపోతేనే ప్రమాదం, చప్పుడు లేదు కదా అని మీరు సంతోషిస్తారు, లోపల వేడి పెరుగుతుంది. అందుకని రోజూ ఆన్ చేశాక ఎస్‌ఎంపీఎస్ వెనక జాలీకి ఎదురుగా సన్నటి కాగితం ముక్క పట్టుకోండి. ఊగితే గాలి వస్తున్నట్టు. ఊగకపోతే ఆ రోజుకి పని బంద్.

క్యాబినెట్ ఎక్కడ పెట్టారు? కింద చాప మీద గానీ, కార్పెట్ మీద గానీ ఉంటే ఫ్యానుకి గాలి అందదు. రెండు చెక్కముక్కల మీదికి లేపండి. పదకొండు కార్డుల ఫైళ్లూ ఇవాళే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఎస్‌ఎంపీఎస్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, పెళ్లివారికి ఏం చెబుతారు?

సీటీసీ_సీను | నవంబర్ 25, మధ్యాహ్నం 12:20

అన్నా, ముందు బిల్లు తీసి వారంటీ చూస్కో. కొన్ని బ్రాంజులకు ఐదేండ్లు, కొన్నింటికి మూడే. నీది ఎట్లనూ దాటింది, పైన ఒకాయన విప్పిండు కాబట్టి ఉన్నా ఇయ్యరు. వేరేటోళ్లకు చెప్తున్న: వారంటీ ఉంటే సీల్ స్టిక్కర్ ముట్టకుండ్రి. ఫ్యాను సౌండ్‌కు కూడా రీప్లేస్‌మెంట్ అడగొచ్చు, ఆన్ చేసినప్పుడు వీడియో తీసి పెట్టుకోండ్రి.

ఇంకోటి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క కదలకుండ పట్టుకోవాలె. గాలికి గిర్రున తిరుగుతుంటే చూడ ముచ్చటగుంటది, బేరింగు అక్కడనే పోతది.

చిట్టిఐసీ | నవంబర్ 25, మధ్యాహ్నం 12:45

ఫ్యాను ఒక్కటే మార్పించుకోవచ్చు కదా. 120 ఎంఎం, 12 వోల్టులు, బాల్ బేరింగుది హైదరాబాద్ కోటిలో గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. (విప్పే పద్ధతి రాయడం లేదు నిర్వాహకుడు గారూ, మెకానిక్‌తోనే చేయించుకోమంటున్నాను.)

పాతరేడియో | నవంబర్ 25, మధ్యాహ్నం 1:30

మంచి మాట. ఒక్కటి చూసుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ తన ఫ్యానుకి అన్నివేళలా పూర్తి 12 వోల్టులు ఇవ్వదు. చల్లగా ఉన్నప్పుడు నాలుగో ఐదో వోల్టులతో నెమ్మదిగా తిప్పి, వేడెక్కేకొద్దీ పెంచుతుంది. కొత్త ఫ్యాను ఆ తక్కువ వోల్టేజీకి కదలకపోతే లోపల ఉడికిపోతుంది. మార్చేటప్పుడు పాత ఫ్యాను మీద రాసిన ఆంపియర్లు, లావు కూడా కలవాలి. మూత తీశాక ఆ మెకానిక్‌ని కెపాసిటర్ల తలలు కూడా చూడమనండి. చదునుగా ఉండాలి. పూరీలా పొంగితే ఫ్యాను మార్చడం దండగ.

గోదారిగట్టు | డిసెంబర్ 18, సాయంత్రం 6:15

ఇన్నాళ్లకి ఖాళీ దొరికింది. పదకొండు కార్డులు పదిహేనయ్యాయి, అన్నీ ఇచ్చేశాను. రోజూ కాఫీకి వెళ్లే ముందు ఆన్ చేసి, తాగొచ్చేసరికి గర్‌ర్ ఆగేది. కాగితం ముక్క మానిటర్‌కి అంటించి ఉంచుకున్నాను.

నిన్న బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్లాను. ఒక పాత టీవీ మెకానిక్ గారి దగ్గర కూర్చుని నా కళ్లముందే విప్పించాను. ఆయన ముందు ఒక బల్బు హోల్డరు వైర్లు ఆ పెద్ద కెపాసిటరుకి ఆనించి, మీటరు పెట్టి సున్నా చూసుకుని గానీ చెయ్యి పెట్టలేదు. ఫ్యాను తీసి స్టిక్కర్ లేపితే లోపల పసుపుపచ్చటి ముద్ద, దుమ్ముతో కలిసి చలిమిడిలా ఉంది. వేలికి రాసుకుని వాసన చూసి "తలకి రాసుకునేది కదండీ ఇది" అన్నారు.

ఫ్యాను 250, కూలి 200 అన్నారు. సరేననుకునేలోపు టార్చి వేసి చూపించారు, అవుట్‌పుట్ వైపు మూడు కెపాసిటర్ల తలలు పొంగి ఉన్నాయి, ఒకదాని పక్కన గోధుమరంగు మరక. "కెపాసిటర్లూ మార్చి ఇస్తాను గానీ, ఆరేళ్లు దాటిన దాని మీద మీ పనంతా పెట్టుకుంటారా" అని ఆయనే అన్నారు. ఫ్యాను సరిగా తిరగక లోపల వేడికి ఎండిపోయి ఉంటాయట. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని చెప్పారు.

కొత్తది కొనేశాను. 550 వాట్లే, ఐదేళ్ల వారంటీ, 4,800. మోలెక్స్‌లో పసుపు మీద 12.08, ఎరుపు మీద 5.02 వస్తోంది. ఇవాళ పొద్దున ఆరింటికి ఆన్ చేస్తే ఫ్యాను శబ్దం లేదు. గదిలో హార్డ్ డిస్కు మూలుగు ఒకటుందని మొదటిసారి తెలిసింది.

ఎర్రబస్సు | డిసెంబర్ 18, సాయంత్రం 6:22

నవంబర్ 23, రాత్రి 9:55. నా పోస్టు ఒకసారి చూసుకో బ్రో. మార్చెయ్ అన్నాను.

పాతరేడియో | డిసెంబర్ 18, సాయంత్రం 7:05

ఆగిపోయిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు సరిగ్గా చూపిస్తుంది. మీ ఫ్రిజ్ సాకెట్ సంగతేమైంది?

ఎర్రబస్సు | డిసెంబర్ 18, సాయంత్రం 7:09

ముక్క పీకించాను మాస్టారూ, ఎర్త్ గొయ్యి కూడా తవ్వించాం. చురుకు లేదు, హమ్మింగు కూడా పోయింది. ఎస్‌ఎంపీఎస్ మార్చలేదు.

సీటీసీ_సీను | డిసెంబర్ 18, సాయంత్రం 7:30

గోదారన్నా, హార్డ్ డిస్కు స్క్రూల కింద రబ్బరు వాషర్లు వెయ్, మూలుగు కూడా తగ్గుతది. పాత ఎస్‌ఎంపీఎస్ ఏం జేసినవ్?

గోదారిగట్టు | డిసెంబర్ 18, రాత్రి 8:50

రాజమండ్రిలోనే మెకానిక్ గారికి ఇచ్చేశాను, వైర్లు పనికొస్తాయన్నారు. ఫ్యాను మాత్రం మేనల్లుడు అడిగాడని తెచ్చాను. కిరసనాయిలుతో కడిగి, మిషన్ నూనె రెండు చుక్కలు వేసి పాత రౌటర్ 12 వోల్టుల అడాప్టరుకి కలిపాడు. తిరుగుతోంది గానీ ఇంకా కొంచెం గరగరమంటోంది, కాబట్టి నిశ్శబ్దరాగం గారు చెప్పిన అరుగుదల కూడా నిజమే.

అమ్మ కొబ్బరినూనె సీసా పైఅరలోకి మార్చేసింది. సర్వీసింగుకి ఎవరొచ్చినా ఇవ్వదట.